అవ్వ చెప్పిన చేప సాక్ష్యం

నెలదినాలు వట్టి నీళ్ళను చూసుకుంట కూసున్న. రెండు ఫీట్ల అద్దాల పెట్టె, అడుగున ఇసుక, ఒక మూలకు చిన్న మోటరు, దాంట్లకెళ్ళి బుడబుడ బుడగలు. చేప లేదు. పొద్దుగాల లేస్తనే దాని లైటేసేదాన్ని, చాయ్ పెట్టుకొని దాని ముంగట కూసునేదాన్ని. ఎవలన్న కిటికీల నుంచి చూస్తే ఈమెకు సోయి తప్పిందనుకుందురు. నన్ను కన్న మా అవ్వ ఉన్నన్ని రోజులు ఈ ఇంట్ల పొద్దుగాల ఇంత సప్పుడు లేకుండ ఎన్నడు లేదు. దగ్గు, ప్రార్థన, దాని నడుమ "సుగుణా, చాయ్‌ల చక్కెర ఏసినవా మర్షిపోయినవా" అని ఒర్రుడు. నేను దవఖానల నర్సుగ చేసి రిటైరైన మనిషిని. పెండ్లి చేసుకోలే. బాపు పోయినంక అవ్వను కాగజ్‌నగర్ నుంచి కరీంనగర్‌కు తీసుకొచ్చుకున్న, ఈ రెండర్రల ఇంట్ల ఇద్దరమే బతికినం. ఆమె పోయి యాడాది దాటింది. ఇప్పుడు ఒక్క గిలాస బియ్యం పోస్తే రెండు పూటలకు ఒడుస్తలేదు, మూడో పూట ఆ సల్లన్నమే తింటున్న. దినమంత ఎవలతోని మాట్లాడకుంటే సాయంత్రం పాలోనితోని మాట్లాడుదామన్న గొంతు పెగలది. ఒంటరిగ ఉంటున్న అని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఉంటున్న, అది బాగలేదు.

ఇంట్ల ఊపిరున్నది ఇంకొకటి ఉంటే బాగుండు అనిపించి ఒక దినం బస్టాండు అవతలి గల్లీల ఉన్న మునీర్ చేపల దుకాణంకు పోయిన. యాభై దాటినోడు, మెహందీ పెట్టిన గడ్డం. నన్ను చూస్తనే స్టూలు తుడిచిండు. "సిస్టరమ్మా, మా అమ్మీ దవఖానల ఉన్నప్పుడు సెలైన్ పెట్టింది మీరే. కూసోండ్రి" అన్నడు. నాకైతే వాళ్ళ అమ్మీ యాదికి లేదు, కానీ కూసున్న. చిన్న పెట్టె ఉన్నది, కొత్తగ పెంచుతున్న, రంగురంగులవి ఏమన్న చూపియ్యి అన్న. సిక్లిడ్లు చూపిస్త, తెలివిగల్లవి, మనిషిని గుర్తువడ్తయి అని ఆయన ఒక్కొక్క అద్దం కాడికి తోలుకపోయిండు.

"గిది మంచిగున్నది" అని నల్లటి, పెద్ద కండ్లదాన్ని చూపించిన.

"గది ఆస్కర్ సిస్టరమ్మా. ఇప్పుడు వేలంత ఉన్నది, యాడాదిల చెప్పంత అయితది. మీ పెట్టెల మల్లుకుందామన్నా జాగ ఉండది."

"మరి గీ నెత్తి మీద బొప్పిది?"

"ఫ్లవర్ హార్న్. ఒక్కతే ఉంటది. ఇంకో చేపను పక్కకు రానియ్యది. చెయ్యి పెడితే కొరుకుతది."

"అయితే నా అసుంటిదే" అన్న. మునీర్ కడుపుబ్బ నవ్విండు. నాకు సుత నవ్వచ్చింది, శాన రోజులకు. నా అసుంటిది ఇంట్ల ఒకటి సాలు అని ముంగటికి నడిచిన. చారచారలది కాన్విక్ట్ అట, కొత్తోళ్ళకు మస్తు సులువు, ఏ నీళ్ళైనా ఓర్చుకుంటది, కానీ కొట్లాడుడెక్కువ, పిల్లలను పెట్టుడు ఇంకెక్కువ, ఆ పిల్లలను ఎవలకని పంచుతరు అన్నడు. నీలం సుక్కలది రామ్ అట. అందంల దాన్ని మించింది లేదు కానీ నీళ్ళు జర అటిటైతే పొద్దుటికల్ల పైకి తేలుతది. ఇట్ల చెప్పుకుంట చెప్పుకుంట ఒక పెద్ద అద్దం కాడ ఆగిండు. అండ్ల పసుపు ముద్దల లెక్క చేపలు తిరుగుతున్నయి.

"ఇవి ఆఫ్రికావి. మన బోరు ఉప్పునీళ్ళు వీటికి మంచిగ పడ్తయి గని, నాలుగు ఫీట్ల పెట్టె ఉండాలె. ఇంకొక తమాష ఉన్నది సిస్టరమ్మా. ఆడిది గుడ్లను నోట్లె పెట్టుకుంటది. పిల్లలై బయటికొచ్చేదాక తిండి ముట్టది."

అద్దం మీద పెట్టిన చెయ్యి తీసేసిన. "అవి వద్దు" అన్న. జర గట్టిగనే అన్నట్టున్న, మునీర్ నా మొకం దిక్కు చూసిండు.

"ఎందుకమ్మా, మన చెరువుల జిలేబి చేప సుత గట్లనే చేస్తది గదా. అది సుత సిక్లిడే. ఇవన్ని ఒక్క ఖాందాన్."

పోయి స్టూలు మీద కూసున్న. అరవై ఏండ్లు దాటినయి, జిలేబి సుత వీటి ఖాందానే అన్న ముచ్చట నాకు తెల్వకుండె. నోట్లె పెట్టుకోనిది ఏదన్న ఉంటే చెప్పు అన్న. అయితే క్రిబ్బుల జోడి తీసుకపోండ్రి, చిన్నగనే ఉంటయి, సాధువులు, ఒక మట్టికుండ బోర్లిస్తే దాంట్ల సంసారం చేసుకుంటయి, మొగదానికంటె ఆడిదానికే రంగెక్కువ, కడుపు మీద గులాబి రంగు ఉంటది అన్నడు. కానీ చేపలను అప్పుడే ఇయ్యలే. "ముందుగాల నల్లా నీళ్ళు పట్టి, రెండు దినాలు బకెట్ల ఉంచి పొయ్యుండ్రి. నెలదినాలు వట్టి మోటరు నడిపియ్యుండ్రి. చేప బతికేటట్టు నీళ్ళు పండాలె. పండని నీళ్ళల్ల ఏస్తే పాపం మనకే" అన్నడు. అందుకే ఆ నెల కూసునుడు. వట్టి నీళ్ళల్ల నాకు కనవడ్డది ఇంకొక పెట్టె.

మేము కాగజ్‌నగర్‌ల మిషన్ కాంపౌండు ఎనుక పెంకుటింట్ల ఉండేటోళ్ళం. ఆ ఊరంటే నాకు ముందుగాల యాదికొచ్చేది వాసన. కాగితం మిల్లుల బొంగులు ఉడికిన వాసన, జర కుళ్ళిన కోడిగుడ్డు లెక్క, గాలి మా దిక్కు తిరిగితే అన్నంల సుత అదే. కొత్తగచ్చిన సుట్టాలు ముక్కులు మూసుకునేటోళ్ళు, మాకు మాత్రం అది లేకుంటేనే ఏందో తక్వైనట్టుండేది. సైరన్ మోగంగనే బాపు సైకిల్ తీసేటోడు. బాపు ఒక పెద్దసారు బంగ్లల మాలి. చేతి గోర్లల్ల ఎప్పుడు మన్ను, అంగి జేబుల ఏదో ఒక గింజ. అవ్వ పొద్దుగాల వాకిలూడ్చి, కట్టెలపొయ్యి మీద జొన్నగటక పెట్టి, అది ఉడికేదాక కండ్లు మూసుకొని ప్రార్థన చేసేది, అడుగంటే వాసన రాంగనే ఆమెన్ అని లేసేది. శుక్రవారం పగటీలి స్త్రీల కూడిక. ఒక్కొక్కామె లేసి దేవుడు చేసిన మేలును సాక్ష్యం చెప్పేది, బర్రె తప్పిపోయి దొరికింది మొదలు జరమొచ్చి తగ్గింది దాక. అవ్వ గొంతు మంచిగుండేది కాబట్టి ఆమెను ముంగట నిలబెట్టేటోళ్ళు. సాక్ష్యంల అబద్ధం కలిపితే నాలికె మీద నిప్పు పెట్టుకున్నట్టే అని నాకు నేర్పింది అవ్వనే.

నాకు ఎనిమిదేండ్లప్పుడు అవ్వకు మొగపిల్లగాడు పుట్టిండు. పదకొండు దినాలున్నడు. పన్నెండో దినం లేడు. దాని తరువాత ఒక పొద్దు నల్లా కాడ బిందెలు వరుసల పెట్టి నిలవడ్డప్పుడు ఒకామె, పేరెందుకు, ఇంకొకామెతోని "ఒక్క మొగపిల్లగాడు, కన్న తల్లే మింగింది" అన్నది. నేను అవ్వ చెంగు పట్టుకొని ఆడనే ఉన్న. అవ్వ బిందె నిండకముందే ఎత్తుకొని నడిచింది. ఆ దినం నుంచి శుక్రవారం కూడికకు పోవుడు బందు. తినుడు సుత పేరుకే, తలెల నాలుగు మెతుకులు అటిటు జరిపి లేసేది. నాకు రాత్రింబగలు ఒక్కటే అనుమానం. అవ్వ నిజంగనే మింగిందా? పిల్ల బుద్ధి, ఏం చేస్తం. అవ్వ పక్కకు పండాల్నంటే నాకు బుగులు పుట్టేది, బాపు దిక్కు జరిగేదాన్ని. అది అవ్వకు తెలిసిందో లేదో గని, నన్ను ఎన్నడు ఇటు జరుగు అని అనలే.

అప్పుడే బంగ్ల సారుకు ట్రాన్స్‌ఫర్ అయింది. పోయేటప్పుడు ఇనుప చట్టం ఉన్న అద్దాల పెట్టెను బాపుకు ఇచ్చిపోయిండు. ఒక మూలకు కారేది, బాపు లప్పం పెట్టి అతికిచ్చిండు. "పిల్ల చూసుకుంటది" అన్నడు గని, ఎవలకోసం తెచ్చిండో నాకు ఇప్పుడు సమజైతది. రంగుచేపలు మాకెక్కడియి! చెరువుల వల ఏసేటాయన దగ్గరికెళ్ళి రెండు జిలేబి పిల్లలను చెంబుల ఏసుకొచ్చిండు. పిల్లి ముట్టకుండ పెట్టె మీద ఒక చెక్క మూత, మూత మీద రాయి. అన్నం మెతుకులు, గోధుమపిండి ఉండలు ఏస్తే అవి చేతంత చేపలైనయి. మొగది నల్లగై ఇసుకల గుంట తవ్వేది. అవ్వ మెల్లమెల్లగ దాని ముంగట వచ్చి కూసునుడు షురూ చేసింది. ఎల్లిగడ్డలు పొట్టు తీసుకుంట చూసేది. ఒక దినం "గీ మొగోనికి పనేం లేదు, దినమంత గుంతలు తవ్వుతడు, మీ బాపు లెక్కనే" అని నవ్వింది. ఆ నవ్వు విని బాపు పెరట్ల నుంచి ఉరికొచ్చిండు.

ఇంకొన్ని రోజులకు ఆడిది తిండి మానేసింది. దవడలు ఉబ్బినయి. మెతుకులు ఏస్తే మొకం తిప్పుకునేది. బాపు పరేషాన్ అయిండు. గవదబిళ్ళలైనయి అని తీర్మానం చేసి నీళ్ళల్ల చిటికెడు పసుపు ఏసిండు. మూడు దినాలు పెట్టె పప్పుచారు లెక్క ఉండె. మొగది దాంట్లనే సచ్చిపోయింది, ఆ పసుపుకే అని నాకు అనుమానం. "దానికి తినబుద్ధి అయితలేదు, ఇడిసిపెట్టుండ్రి. ఒక్కోసారి తినబుద్ధి కాదు" అన్నది అవ్వ. ఆ మాటకు బాపు నీళ్ళు మార్చిండు.

ఒక శుక్రవారం బాపు డ్యూటీల ఉన్నడు, అవ్వ ఎందుకో బజారుకు పోయింది. నేనొక్కదాన్నే ఇంట్ల. పెట్టె దిక్కు చూస్తే చేప సుట్టు దుమ్ము లెక్క చిన్నచిన్నయి తిరుగుతున్నయి. దగ్గరికి పోయి చూస్తే పిల్లలు! ఒక్కొక్కదానికి రెండు కండ్లు. సంతోషంతోని అద్దానికి మొకం ఆనిచ్చిన. నా నీడ పడంగనే తల్లి నోరు తెరిచింది. పిల్లలన్ని బిరబిర ఆ నోట్లెకు పోయినయి. నోరు మూసుకున్నది. ఒక్కటి మిగల్లే. నా ఒంట్లకెళ్ళి ఏం పోయిందో చెప్పలేను. నల్లా కాడి మాట అట్లనే చెవుల మోగింది. రాయి దించిన, మూత తీసిన. గోడకున్న పిండి జల్లెడ అందుకొని తల్లిచేపను నీళ్ళల్లకెళ్ళి దేవి కింద పడేసిన. "మింగుతవా? మింగుతవా?" అనుకుంట నిలవడ్డ. కొట్టుకున్నది, కొట్టుకున్నది, ఆగిపోయింది. అప్పుడు బుగులైంది. జల్లెడ కడిగి గోడకున్న మొలకు తగిలించిన, మూత పక్కకు పడేసిన, చేపను పెట్టె కాడనే ఇడిసి అవ్వ వచ్చేదాక గడపల కూసున్న.

"అవ్వా, చేప బయటికి దుంకింది" అన్న.

అవ్వ నన్ను చూసింది, చేపను చూసింది, మూతను చూసింది. గోడకున్న జల్లెడ తీసి పిట్టగోడ మీద ఎండకు పెట్టింది. చేపను పారెయ్యబుద్ధి గాక, పులుసన్న పెడుదామని బండ కాడికి తీసుకపోయింది. బూడిద రుద్దింది. దవడ కింద కత్తి పెట్టెతందుకు నోరు తెరిచింది. దాంట్లకెళ్ళి పిల్లలు రాలినయి, కొన్ని ఇంక కదులుతనే ఉన్నయి. అవ్వ "అయ్యో" అని చెంబు నీళ్ళు అందుకున్న తీరు నాకు ఇప్పటికి కండ్లల్ల ఉన్నది. ఒక్కొక్కదాన్ని ఏలుతోని ఏరి చెంబుల ఏసింది. "మింగలేదే సుగుణా. దాసుకున్నది. ఊపిరి పోతున్నా నోరు తెరువలే" అన్నది. అన్నంక బండ మీదనే కూసోని ఏడ్చింది. పిల్లగాడు పోయినప్పుడు ఏడువని అవ్వ ఆ పొద్దు ఏడ్చింది. ఆ రాత్రి నేను మళ్ళ అవ్వ పక్కకు పన్న.

పిల్లలల్ల తొమ్మిదో పదో బతికినయి. ఆ మీది శుక్రవారం అవ్వ తల దువ్వుకొని కూడికకు పోయింది, లేసి నిలవడి చేప సాక్ష్యం చెప్పింది. నల్లా కాడి ఆమె సుత ఉన్నదట, తలకాయ వంచుకున్నదట. దాని తరువాత యాభై ఏండ్లు ఆ సాక్ష్యం చెప్పుతనే ఉన్నది. చెప్పంగ చెప్పంగ అండ్లకు ఒక పిల్లి సుత వచ్చింది. పిల్లి వచ్చి మూత నూకేసిందట, పిల్లలను కాపాడెతందుకు తల్లి బయటికి దుంకిందట. ఒక్కోసారి అది నల్లపిల్లి, ఒక్కోసారి గండుపిల్లి. నాకు లోపట నవ్వు, లోపటనే ఏడుపు. నర్సింగు చదివేటప్పుడు సెలవులకొచ్చి, ఇగ చెప్పేస్త అని ఒకసారి "అవ్వా, ఆ చేప ఉండె సూడు..." అన్న. అవ్వ మొకం వెలిగింది, నా మాట అందుకొని తనే మొదటి నుంచి చెప్పుడు షురూ చేసింది. పిల్లి దాక వచ్చినంక నా నోట్లె మాట ఆగిపోయింది. ఆమెను లేపి నిలబెట్టింది ఆ కథ. దాన్ని నేనే కూలగొట్టాల్నా? ఇట్లనే దాటేసుకుంట దాటేసుకుంట ఇద్దరం ముసలోళ్ళమైనం.

ఆఖరి నెల అవ్వ తిండి మానేసింది. జావ చెంచతోని పెడితే నోరు తెరువకపోయేది. ఎంతమంది పేషెంట్లకు తినిపించిన చెయ్యి ఇది, కన్నతల్లికి తినిపియ్యలేకపోయిన. కోపం చేసిన సుత, "నోరు తెరువు అవ్వా, నన్ను సతాయించకు" అని. అది యాదికొస్తే ఇప్పటికి నా మీద నాకు కోపమొస్తది. సగం నిద్రల ఒక్కటే మాట రెండు మూడు సార్లన్నది, "జల్లెడ తడిగున్నది సుగుణా, ఎండకు పెట్టు" అని. సోయి లేక మాట్లాడుతున్నదనుకొని "పెట్టిన అవ్వా, పండుకో" అన్న. ఆమెను కాగజ్‌నగర్‌ల బాపు పక్కనే పెట్టినం. నడుమ బందైన మిల్లు మళ్ళ నడుస్తున్నది, వాసన అదే. ఓదార్పుకు పెట్టిన ఆదరణ కూడికల పాస్టరయ్య అవ్వ చేప సాక్ష్యమే చెప్పిండు, పిల్లితోని సహా. అందరు కండ్లు తుడుచుకున్నరు. నేను ముందు వరుసల కూసోని నోరు మెదపలే. తిరుగు రైలుల కరీంనగర్ దిక్కు వచ్చేటప్పుడు, ఇగ ఈ ముచ్చట చెప్పుకోవాల్సిన మనిషే లేదు అనిపించింది. అసలు ఒంటరితనం ఆ రైలులనే మొదలైంది.

నీళ్ళు పండినంక మునీర్ క్రిబ్బుల జోడిని ఇచ్చిండు. కుండపెంకు బోర్లించి పెట్టిన. కొన్ని నెలలు అవి నన్ను పట్టించుకోలే, తరువాత నా అడుగుల సప్పుడు గుర్తువట్టి అద్దం కాడికి వచ్చుడు మొదలువెట్టినయి. అవ్వతోని మాట్లాడినట్టే వాటితోని మాట్లాడుడు అలవాటైంది, పాలోడు వింటే విననీ. పోయిన వారం పొద్దుగాల లైటేస్తే ఆడిది కుండ ముంగట కావలి కాస్తున్నది, దాని కడుపు కింద దుమ్ము లెక్క పిల్లలు. కూసోని చూస్తున్న. ఒక పిల్ల తప్పించుకొని దూరం పోయింది. తల్లి గభాల్న పోయి దాన్ని నోట్లెకు తీసుకున్నది, నోరు మూసింది.

నాకు తెల్వకుంటనే చెయ్యి పక్కకున్న, చేపలను తీసే చిన్న జాలి మీదికి పోయింది. జాలి నీళ్ళల్ల మునిగింది సుత. అట్లనే ఆపిన. ఎనిమిదేండ్ల పిల్లను కాదు గదా. తల్లి మెల్లగ కుండ కాడికి ఈదింది, నోరు తెరిచి పిల్లను మిగతా పిల్లలల్ల ఉమ్మింది. పిల్ల ఏం కానట్టు అటిటు తిరిగింది. జాలిని బయటికి తీసిన. దాని కొసల నుంచి నీళ్ళు గచ్చు మీద కారుతున్నయి. ఎండకు పెడుదామని లేసిన. రెండడుగులేసి ఆడనే నిలవడ్డ.

ఆ దినం జల్లెడ తడిగుండె. పిండి జల్లెడను ఎవలు కడుగుతరు? అవ్వ దాన్ని ముట్టి చూసింది, ఎండకు పెట్టింది. రాయి పెట్టిన మూతను చేప ఎట్ల నూకుతది అని ఎవలు అడుగకముందే తనే పిల్లిని తెచ్చి నిలబెట్టింది. సాక్ష్యంల అబద్ధం చెప్పరాదన్న మనిషి, నాకోసం యాభై ఏండ్లు అందరి ముంగట నిలవడి అబద్ధం చెప్పింది. నేను అవ్వ కథను కాపాడుతున్న అనుకున్న. అవ్వ నన్ను కాపాడుతుండె.

మళ్ళ వచ్చి అద్దం ముంగట కూసున్న. ఇంట్ల ఎవలో ఉన్నట్టే, మెల్లగ, "అవ్వా, పిల్లి రాలేదే. నేనే తీసిన. నీకెరికేనాయె" అన్న. మోటరు బుడబుడమన్నది. జర సేపటికి లేసి, జాలిని కిటికీల ఎండకు పెట్టిన.